మేఘముపై వెలుగు – చూచినవాని మాట

ధ్యాన భాగములు: అపొ. కార్యములు 12:12-17, యోహాను 9:18-34, సామెతలు 18:13



మెఱుపు మనకు క్రొత్తది కాదు. పొలములో పనిచేయువారము గనుక పట్టణవాసులకంటె మనకే అది ఎక్కువగా తెలియును. పిడుగు పడి ఎద్దులు చచ్చిన ఇండ్లు, తాడిచెట్టు మొవ్వు మాడిన పొలములు ప్రతి గ్రామమందును కలవు. అయితే మనమెరిగిన మెఱుపు పైనుండి క్రిందికి దిగునదే. పిడుగు పడినదందుము గాని పిడుగు లేచినదని ఎవరును అనరు. ఈ నెల ధ్యానమునకు మేము తీసికొనిన సంగతి దీనికి తలక్రిందైనది. ఉరుము మేఘముల నడినెత్తికి పైన, మనకు కనబడని తట్టున, ఆకాశమువైపునకు లేచు వెలుగులు కలవు. వాటిని చూచినవారు నూరేండ్లకు పైగా చెప్పుచు వచ్చిరి. విన్నవారిలో బహు కొద్దిమందియే లక్ష్యపెట్టిరి.

వింతలు చెప్పి మిమ్మును సంతోషపెట్టవలెనని ఇది వ్రాయుటలేదు. మేము అడుగదలచిన ప్రశ్న ఇది: మనము ఎన్నడును చూడనిదానిని పొరుగువాడు చూచితినని చెప్పినప్పుడు, ఆ పొరుగువానికి మనము ఏమి అచ్చియున్నాము? చెప్పినదంతయు నమ్ముట మన ధర్మమా? నమ్మకపోవుట పాపమా? ఈ ప్రశ్న మమ్మును కొంతకాలముగా విడువక బాధించుచున్నది. ఎందుకనగా ఈ విషయములో మేమే తప్పిపోయినవారము. ఆ సంగతి ముందుకు చెప్పెదము. మొదట వెలుగుల సంగతి వినుడి.

1886లోనే లండనులో వెలువడు ‘నేచర్’ అను విజ్ఞాన పత్రికలో ఇట్టి సాక్ష్యమొకటి అచ్చుపడినది. మేఘముల పైనుండి మెఱుపువలె గాక తారాజువ్వవలె పైకి పోవు వెలుగులను ఓడవారు చూచిరని అందులో కలదు. 1903లో అదే పత్రికకు మన దేశమునుండియే ఒక ఉత్తరము వెళ్ళినది. కలకత్తా దగ్గర శిబ్‌పూర్‌లోనున్న ఇంజనీరింగు కళాశాలనుండి ఎవరెట్ అనునాయన వ్రాసెను. మేఘపంక్తి మీదనుండి వెలుగు తీగ తారాజువ్వ వేగముతో పైకెగసినదని ఆయన సాక్ష్యము. తరువాత విమానములు వచ్చినవి. రాత్రులు ఎత్తున ఎగురు వైమానికులకు ఇట్టివి కనబడుచుండెను. అయితే వారిలో అనేకులు దిగిన తరువాత నోరు విప్పలేదు. కన్ను చెదరినదందురేమో, మతి చలించినదందురేమో, విమానము నడుపుటకు తగడని పని తీసివేయుదురేమో అని భయపడిరి.

బుద్ధిమంతులు ఎవరును దీనిని ఊహింపలేదా అందురేమో. ఊహించిరి. సీ.టీ.ఆర్. విల్సన్ అను స్కాట్లాండు దేశస్థుడు 1925లోనే దీనికి లెక్క కట్టెను. ఈయన సామాన్యుడు కాడు. 1927లో నోబెల్ బహుమానము పొందినవాడు. పైకి పోయినకొలది గాలి పలుచబడును. గాలి పలుచబడినకొలది వెలుగు పుట్టుటకు తక్కువ విద్యుత్తు చాలును. కాబట్టి పెద్ద మేఘమునకు ఎంతో ఎత్తున సయితము మెఱుపువంటిది పుట్టవచ్చునని ఆయన చెప్పెను. 1956లో, 87 ఏండ్ల వృద్ధుడైయుండి, ఉరుము మేఘములనుగూర్చి మరల ఒక పెద్ద వ్యాసము ప్రకటించెను. 1959లో నిద్రించెను. చూచినవారి మాటయు ఉండెను, లెక్కయు ఉండెను. ఆ తట్టు తిరిగి చూచువారే బహు తక్కువ. అమెరికాలో బెర్నార్డ్ వొనెగట్ అను శాస్త్రజ్ఞుడు మాత్రము 1980ల దశకములో వైమానికుల సాక్ష్యములను ఓపికతో ప్రోగుచేసెను. ఆయనను మేము గౌరవించుచున్నాము. నవ్వుదురని దాచుకొనిన మాటలను అడిగి రాబట్టుట చిన్న పని కాదు.

చివరకు ఇది బయటపడుట తలవని తలంపుగా జరిగినది. 1989 జూలై 6వ తేదీ రాత్రి, మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు చెందిన వింక్లర్, ఫ్రాంజ్, నెమ్జెక్ అనువారు ఒక రాకెట్ ప్రయోగమునకు సిద్ధపరచిన కెమెరాను ఆకాశమువైపు త్రిప్పి పరీక్షించుచుండిరి. బహు మసక వెలుగును సయితము పట్టగల కెమెరా అది. తరువాత ఆ పటమును త్రిప్పి చూడగా, దూరపు తుపాను మేఘముపైని రెండు కాంతి స్తంభములు ప్రక్క ప్రక్కన నిలిచియుండెను. అవి రెప్పపాటు కాలమైనను నిలువలేదు గాని పటములో పడినవి. వారు వెదకినది అది కానే కాదు. ఇది తెలిసిన పిమ్మట ఇతరులు అంతరిక్ష నౌకనుండి తీసిన పాత పటములను మరల చూడగా, అందులో కూడ ఇట్టి వెలుగులు బయటపడినవి. పటము ఇంటిలోనే యుండెను, వెదకినవాడు లేకపోయెను. 1993 జూలై 7 రాత్రి కొలరాడో రాష్ట్రములో వాల్టర్ లయన్స్ అనునాయన కొండ అంచునున్న తన స్థలమునుండి కెమెరా పెట్టి చూడగా ఒక్క రాత్రిలోనే 240కి పైగా కనబడినవి! నూరేండ్లు లేవనుకొనినవి, చూడగోరినవానికి ఒక్క రాత్రిలో అన్ని.

వీటిలో అనేక విధములు కలవు. ఎక్కువగా కనబడు ఎఱ్ఱని వెలుగులకు ‘స్ప్రైట్’ అని పేరు. ఆంగ్ల నాటకములలో గాలిలో సంచరించు చిన్న జీవులకు ఆ పేరు కలదు. డేవిస్ సెంట్‌మన్ అను అలాస్కా శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టెను. ఇంకను కారణము తెలియని దానికి కారణము చెప్పు పేరు పెట్టరాదని ఆయన తలంపు. పేరు పెట్టుటలో అంత జాగ్రత్త మాకు నచ్చినది. పేరును విని ఇవి గాలి దయ్యములని మనలో ఎవరును చాటింపు వేయకుందురు గాక. అట్లే, పైకిపోవు వెలుగు ఫలానా ప్రవచనమునకు నెరవేర్పు అని చెప్పుటకును మేము సాహసింపము. యోబును దేవుడు మెఱుపులనుగూర్చి ప్రశ్నించినప్పుడు యోబు నోటిమీద చేయి పెట్టుకొనెను. అది మాకు చాలును.

ఉరుము మేఘము ఎంత పెద్దదైనను దాని శిరస్సు పదునైదు, పదునెనిమిది కిలోమీటర్ల ఎత్తుననుండును. స్ప్రైట్ దానికి ఎంతో పైన, 50 మొదలు 90 కిలోమీటర్ల ఎత్తున పుట్టును. మేఘమునుండి భూమికి దిగు పిడుగులలో ఎక్కువభాగము ఋణ విద్యుత్తును తెచ్చును; ధన విద్యుత్తును తెచ్చునవి పదింటిలో ఒకటికి మించవు గాని అవి బహు బలమైనవి. అట్టి బలమైన పిడుగు ఒకటి క్రింద నేలను కొట్టగానే, పైన పలుచని గాలిలో స్ప్రైట్ వెలుగును. మన ఇండ్లలోని ట్యూబులైటును తలంచుకొనుడి. ఆ గాజు గొట్టములో వాయువు బహు పలుచగా ఉండును. అందుచేత అది పిడుగువలె పగులక మెత్తగా వెలుగును. పై ఆకాశమందును అట్లే. అక్కడి నైట్రోజను ఎఱ్ఱగా వెలుగును. క్రిందికి వేలాడు కొసలు నీలి చాయగా ఉండును. 1994లో అమెరికా శాస్త్రజ్ఞులు విమానములమీద వెళ్ళి రంగు పటములు తీసినప్పుడు ఇది తెలిసినది. ఆ వేసవిలోనే వారికి ‘బ్లూ జెట్’ అను నీలి ధారలు కూడ కనబడినవి. ఇవి మేఘపు శిరస్సునుండియే బయలుదేరి సెకనుకు సుమారు 100 కిలోమీటర్ల వేగముతో 40, 50 కిలోమీటర్ల ఎత్తువరకు చిమ్మును. శిబ్‌పూర్ ఉత్తరములోని తారాజువ్వ ఈ జాతిదేమో. 2002లో తైవాను శాస్త్రజ్ఞులు మేఘమునుండి పై ఆకాశపు అంచువరకు నిలువున లేచిన మహా ధారలు అయిదింటిని పటము తీసిరి. రెప్పపాటులో ఉంగరమువలె విస్తరించి ఆరిపోవు వెలుగులును కలవు. వాటి జోలికి ఇప్పుడు పోము.

ఇది పర దేశపు ముచ్చట మాత్రమే కాదు. 2015 సెప్టెంబరులో డెన్మార్కు దేశస్థుడగు ఆండ్రియాస్ మొగెన్సెన్ అంతరిక్ష కేంద్రమునుండి మన బంగాళాఖాతము మీది తుపాను మేఘమును పటము తీసెను. 160 సెకనులు మాత్రమే ఆ పటము. అందులో నీలి మెఱుపులు 245 లెక్కకు వచ్చినవి. ఒక ధార 40 కిలోమీటర్ల వరకు లేచినది. మన జాలరులు వల వేయు సముద్రము మీద, మన పైరును తడుపు మేఘము మీద!

ఇందులో ఒక సంగతి మా మనస్సున నాటుకొనినది. మేఘము క్రిందనున్నవానికి ఇవి ఎన్నడును కనబడవు. వానకు తడియుచు, ఉరుమునకు ఉలికిపడుచు ఉన్నవానికి మేఘపు అడుగే కనబడును. (అట్టి వేళ చెట్టు క్రింద నిలువక ఇంటిలోనికి పొండని మన యౌవనులకు మరియొకసారి చెప్పుచున్నాము.) స్ప్రైట్ చూడవలెనన్న రెండు మూడు వందల కిలోమీటర్ల దూరముననుండి, నడుమ ఆకాశము తేటగానుండగా, చంద్రుడు లేని చీకటిలో, దీపములు లేనిచోట కూర్చుండి ఒకే దిక్కున చూచుచుండవలెను. అట్టి మనుష్యులెవరు? పట్టణపు పండితులు కారు. ఓడవారు, జాలరులు, గొఱ్ఱెల కాపరులు, రాత్రి చేను కాచువారు. చూచుటకు తగిన చోటనున్నవారు వీరు. వీరి మాట మాత్రము సభలో ఎవరికిని పట్టదు.

ఇక మా సంగతి.

సుమారు ముప్పది ఏండ్ల క్రిందట, మేము సంఘ పరిచర్య చేయుచున్న మెట్ట గ్రామములో ఒక వృద్ధుడు ఉండెను. అడవి పందులు వేరుశెనగ చేలను పాడుచేయకుండ రాత్రులు మంచెమీద కావలి యుండుట ఆయన జీవనము. ఒకప్పుడు కల్లుకు దాసుడై భార్యను కొట్టినవాడు. ప్రభువును నమ్ముకొనిన నాటనుండి పదునొకండు ఏండ్లుగా ఒక్క చుక్క ముట్టలేదు. బుధవారపు ప్రార్థన కూడికలో సాక్ష్యముల వేళ ఆయన లేచి ఆ మాటయే చెప్పెడివాడు. వినుటకు మాకు ఎన్నడును విసుగు పుట్టలేదు. ఒక బుధవారము ఆయన లేచి వేరొక మాట చెప్పెను.

“అయ్యగారూ, రాత్రి మంచె మీదుండగా ఒక సంగతి చూశాను. తూర్పున సముద్రం మీద ఎక్కడో మబ్బు మెరుస్తా ఉంది. ఉరుము వినపళ్ళేదు, అంత దూరం. ఆ మబ్బుకు పైన, చుక్కలుండే కాడ, మసక ఎరుపున మర్రి ఊడల మాదిరి వేలాడినయి. రెప్ప వాల్చేలోగా పోయినయి. మూడుసార్లు చూశాను. దేవుడు ఎంత చేసి పెట్టాడో అనిపించింది.”

వెనుక వరుసనుండి ఎవరో, “తాతకు మళ్ళీ మొదలైందేమో!” అనిరి. కూడిక అంతయు నవ్వెను. మేమును నవ్వితిమి. నవ్వి, “తాతా, ఇది సాక్ష్యాల వేళ. దేవుని కార్యాలు చెప్పాలి గాని కలలు కాదు” అంటిమి. ఆయన ఏమియు అనక కూర్చుండెను.

ఆ తరువాత ఆయన ఆరాధనకు రాకుండ ఒక్క ఆదివారమైనను మానలేదు. అయితే సాక్ష్యముల వేళ మరి ఎన్నడును లేవలేదు. ఒక మాటకు నవ్వినందున ఆయన యొద్దనున్న మాటలన్నియు మూతపడినవి. ఇది మాకు అప్పుడు తట్టలేదు. ఆయన మృతి పొంది పది ఏండ్లు దాటినది. పోయిన సంవత్సరము మా మనుమడు సెల్‌ఫోనులో ఒక పటము చూపెను. నల్లని ఆకాశములో, మేఘపు మెఱుపునకు ఎంతో పైన, మసక ఎరుపు ఊడలు వేలాడుచుండెను.

ఆయన చూచినది అదియేనా? రూఢిగా చెప్పలేము. మేము కన్నులార చూడలేదు. ఆయనను ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు. అదియే మా నేరము. ఏ దిక్కున, ఏ వేళ, ఎంత ఎత్తున అని మూడు ప్రశ్నలు అడిగియుండిన, ఆయన మాట ఈనాటికి సాక్ష్యమై నిలిచియుండెడిది.

యెరూషలేములో ఒక ఇంట సంఘము కూడి, చెరసాలలోనున్న పేతురు కొరకు ప్రార్థించుచుండెను. పేతురు వచ్చి తలుపు తట్టెను. రొదే అను పనిపిల్ల ఆయన స్వరము గుర్తుపట్టి, సంతోషముచేత తలుపు తీయుట సయితము మరచి లోపలికి పరుగెత్తి చెప్పెను. వారు ఆమెను పిచ్చిదానివనిరి. ఆమె గట్టిగా చెప్పగా, అతని దూత అయియుండుననిరి. వారు దేని కొరకు మోకాళ్లూనియుండిరో అదియే వాకిట నిలిచియుండగా, చెప్పినది పనిపిల్ల యగుటచేత నమ్మలేకపోయిరి. యజమానియే లేచి చెప్పియుండిన వారిలో ఎవరైన అట్లు అనగలిగియుందురా? వారు అవిశ్వాసులు కారు, మనవంటి ప్రార్థనాపరులు. పునరుత్థాన దినమున స్త్రీలు సమాధి యొద్దనుండి తెచ్చిన వర్తమానమునకు అపొస్తలులే ఎట్లు విలువ ఇచ్చిరో లూకా 24వ అధ్యాయములో చూడుడి. ఆయితే రొదే కథలో పేతురు తట్టుట మానలేదు. వారు చివరకు తలుపు తీసి చూచిరి. మేము తీసి చూడలేదు.

పుట్టు గ్రుడ్డివాడు చూపుపొందిన సంగతిలో ఆ కుమారుని తలిదండ్రులను కూడ గమనింపుడి. వారికి సత్యము తెలియును. సమాజమందిరమునుండి వెలివేయుదురను భయముచేత, వానినే అడుగుడని తప్పించుకొనిరి. వైమానికుల మౌనమును ఈ తలిదండ్రుల మౌనమును ఒక్కటే. మనము సాధారణముగా ఆ తలిదండ్రులను పిరికివారని నిందింతుము. భయపెట్టినవారి పాపముకంటె భయపడినవారి పాపము పెద్దదా? చూచినదానిని చూచితినని చెప్పుట ప్రమాదకరమగునట్లు ఒక సభ తయారైనప్పుడు, ఆ సభలో సత్యము దాగిపోవును. దాని లెక్క నవ్వినవారి యొద్దనే అడుగబడునని మేము భయపడుచున్నాము.

ఇక్కడ కొందరు న్యాయముగా ఒక ఆక్షేపణ తెచ్చెదరు. అయ్యా, చెప్పినదంతయు నమ్మవలెనన్న బ్రదుకగలమా? నిజమే. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి ఫోనులలో ప్రాకి, తెలంగాణలోను ఇతర రాష్ట్రములలోను నిర్దోషులు గ్రామస్థుల చేతులలో దెబ్బలు తిని చచ్చిరి. నమ్మినందున చంపిరి. తైలము సీసా అమ్ముకొనుటకు స్వప్నములు చెప్పువారిని మనము ఎరుగుదుము. వెఱ్ఱివాడు ప్రతి మాట నమ్మునని సామెతల గ్రంథమే మనలను హెచ్చరించుచున్నది. అదే గ్రంథము, వినకముందే ప్రత్యుత్తరమిచ్చుట మూఢత్వమనియు అనుచున్నది. ఈ రెండు మాటలును ఒకే దోషమును చూపుచున్నవని మాకు తోచుచున్నది. వదంతి నమ్మి రాయి ఎత్తినవాడును విచారించలేదు. కావలి తాతను చూచి నవ్వినవారమును విచారించలేదు. ఒకడు త్వరపడి ఔననెను, మేము త్వరపడి కాదంటిమి.

జాన్ లాక్ అను ఆంగ్ల తత్త్వవేత్త 1690 నాటి తన గ్రంథములో ఒక కథ చెప్పెను. హాలెండు దేశపు రాయబారి సయాము రాజుతో, మా దేశములో చలికాలమున నీళ్లు గట్టిపడి మనుష్యులు వాటిమీద నడతురు, ఏనుగు ఉండిన దానిని కూడ మోయుననెను. అంతవరకు అతని మాటలన్నియు నమ్మిన రాజు, ఇప్పుడు నీవు అబద్ధికుడవని నాకు నిశ్చయమైనదనెను. రాజు మూఢుడు కాడు. మంచు ఎన్నడును పడని దేశములో పుట్టినవాడు. తన అనుభవమును బట్టి సందేహించుట తప్పు కాదు. “నేను అట్టిది చూడలేదు” అనువరకు రాజు సత్యములో నిలిచెను. “నీవు అబద్ధికుడవు” అన్నప్పుడు గీత దాటెను. నేను చూడలేదనుట నన్నుగూర్చిన సాక్ష్యము. నీవు చూడలేదనుట ఎదుటివానిమీద తీర్పు. మొదటిది మనుష్యునికి తగును. రెండవదానికి ఆధారము కావలెను. నా అనుభవము చిన్నదగుట ఆధారము కాదు. నీకొదేము పరిసయ్యుల ఎదుట నిలిచి అడిగినది ఇదియే గదా – మనుష్యుని మాట వినకమునుపే మన ధర్మశాస్త్రము వానికి తీర్పు తీర్చునా అని. ఆ ప్రశ్నకు ప్రతిగా ఆయనకు దొరికినదియు ఎగతాళియే.

కాబట్టి పొరుగువానికి మనము అచ్చియున్నది నమ్మిక కాదు, ఆలకింపు అని మేము తలంచుచున్నాము. ఆలకింపు అనగా తల ఊపుట కాదు. దానికి శ్రమ కలదు. చెప్పినవానికి చెప్పుటవలన లాభమేమి, నష్టమేమి అని చూడవలెను. కావలి తాతకు ఆ మాటవలన రాదగిన లాభము ఏమియు లేదు; పోవలసిన పరువు ఎంతో ఉండెను. మరియొక సాక్షి కలడేమో వెదకవలెను. ఇద్దరు ముగ్గురు సాక్షులు కావలెనని ధర్మశాస్త్రము చెప్పినది రెండవ సాక్షిని వెదకు భారమును వినువారిమీద కూడ మోపుచున్నది. మొదటి సాక్షి నోరు మూయుటకు ఆ వచనమును వాడుట మనలో వాడుకయైనది. పెద్దల కూడికలలో మేమును అట్లు వాడితిమి. బాగుగా శోధించి విచారింపవలెనని ద్వితీయోపదేశకాండము 13వ, 17వ అధ్యాయములలో ఆజ్ఞ కలదు. మరణ శిక్ష కలిగిన నేరమునకే అంత విచారణ కావలసివచ్చిన, ఒక ముసలివాని పరువును పోగొట్టుటకు మాత్రము ఒక్క నవ్వు చాలునా?

సాక్షి పోయిన తరువాత సాక్ష్యము నిలుచుట కూడ కలదు. 2003 జనవరిలో కొలంబియా అను నౌకలో ఏడుగురు అంతరిక్షమునకు వెళ్ళిరి. మన దేశపు కర్నాలులో పుట్టిన కల్పనా చావ్లా వారిలో ఒకరు. ఇశ్రాయేలీయుడగు ఇలాన్ రామోన్ మరియొకరు. ఇశ్రాయేలు శాస్త్రజ్ఞుల కెమెరాతో ఆ యాత్రలో ఉరుము మేఘములపైని వెలుగులను పటములు తీసిరి. ఫిబ్రవరి 1న దిగివచ్చుచు నౌక బ్రద్దలై ఏడుగురును మరణించిరి. అయితే వారు తీసిన పటములలో కొన్ని అంతకుముందే భూమికి పంపబడియుండెను. వాటిని శాస్త్రజ్ఞులు ఎంత భయభక్తులతో చూచియుందురో! హేబెలు మృతినొందియు మాటలాడుచున్నాడని హెబ్రీ పత్రిక వ్రాసినవాడు చెప్పినది మాకు అప్పుడు జ్ఞాపకమునకు వచ్చినది. మా కావలి తాత అట్లు మాటలాడుటకు మేము ఏమియు మిగుల్చలేదు.

ఆ పటము చూచిన వారమే, మేము మనుమని వెంటబెట్టుకొని ఆయన భార్య యొద్దకు వెళ్ళితిమి. అవ్వకు ఎనుబది ఏండ్లు ఉండును. ఫోను చేతికిచ్చి, “తాత ఆనాడు చూసింది ఇదేనేమో అవ్వా” అంటిమి. ఆమె దానిని దూరముగా పెట్టి, దగ్గరగా పెట్టి, చాలసేపు చూచెను.

“నాకు కళ్ళు సరిగా ఆనవయ్యా. ఊడలన్నాడు గదా. ఊడలే ఉన్నయి.” కొంతసేపటికి, “ఆయనకు చెప్పాల్సింది అయ్యగారూ” అనెను.

మాకు బదులు దొరకలేదు. క్షమింపుమని అడిగితిమి. ఆమె అవునని గాని కాదని గాని అనక, ఫోను మనుమని చేతికిచ్చి, చీర కొంగుతో చేతులు తుడుచుకొని, మేము అడుగని సంగతి ఒకటి ఎత్తెను.

“మా మిట్ట చేను గట్టు రాయి జరిగింది అయ్యగారూ. మూడేళ్ళయింది. జరిపిన మనిషిని నేను చూశాను. ఆయన మాటకే నవ్వారు, నా మాట ఎవరు వింటారని ఊరుకున్నా.”

ఆమె పేరు చెప్పిన మనుష్యుడు మన సంఘములో ముందు వరుసలో కూర్చుండువాడు. కానుకలలో ఎన్నడును వెనుకతీయనివాడు. అతడు అట్టివాడు కాడవ్వా అను మాట మా నాలుక చివరకు వచ్చినది, పళ్ళు బిగబట్టితిమి. ఏ నెలలో, ఏ వేళ, ఎక్కడ నిలిచి చూచితివని అడిగితిమి. ఆమె చెప్పనారంభించెను. దీపాల వేళ వరకు చెప్పెను. మా మనుమడు ఆమె మాటలను కాగితము మీద వ్రాసికొనెను.

మరునాడు ఇద్దరు పెద్దలతో మిట్ట చేనికి వెళ్ళి రాయిని చూచితిమి. ఆ మనుష్యుని ఇంటికిని వెళ్ళి, ఆయన చెప్పునది కూడ కూర్చుండి వింటిమి. కొలతకు అర్జీ పెట్టబడినది. సర్వేయరు ఇంకను రావలసియున్నాడు.